మోటారు టైరులు: ఇంటివద్ద చేసికొనదగిన పరీక్ష

మోటారుకారు భూమిని తాకునది నాలుగే తావులలో. ఆ తావు ఒక్కొక్కటి ఎంత యుండునో పిల్లల లెక్కల పుస్తకములోని పద్ధతితోనే కట్టి చూడవచ్చును. మనుష్యులతో కూడ కారు బరువు 1,200 కిలోగ్రాము లనుకొందము. ఒక్కొక్క చక్రముపై 300 కిలోగ్రాముల భారము పడును. టైరులోని గాలి పీడనము 32 పౌండ్లు, అనగా చదరపు సెంటీమీటరునకు సుమారు రెండుంబావు కిలోగ్రాములు. మున్నూటిని రెండుంబావుచే భాగించినచో 133 వచ్చును. టైరు గోడ బిరుసుతనము కూడ కొంత భారమును మోయును గనుక ఇది ఉజ్జాయింపు లెక్కయే. అయినను సత్యమునకు దూరము కాదు. 133 చదరపు సెంటీమీటర్లనగా వ్రేళ్ళతో కూడిన పెద్దవాని అరచేయి యంత జాగా. బిడ్డలను, సామానును ఎక్కించుకొని గంటకు 80 కిలోమీటర్ల వేగముతో తిరుపతి రోడ్డుపై పోవు కారును నిలిపియుంచునవి ఈ నాలుగు అరచేతులే. బ్రేకు వేసినపుడు ఆపునదియు, మలుపులో త్రిప్పునదియు, వానలో జారకుండ కాపాడునదియు ఆ జాగాయే.

ఇంజను చప్పుడు కొంచెము మారినను మనము మెకానిక్కు నొద్దకు పరుగెత్తుదుము. టైరు చప్పుడు చేయక అరుగును, చప్పుడు చేయక ముదురును. దానికి జరుగుచున్న హాని దాని ఒంటిమీదనే వ్రాయబడి యుండును గాని, చదువువారు తక్కువ. ఈ వ్యాసము మెకానిక్కులకై వ్రాసినది కాదు. ఉదయమే పిల్లలను కారులోనో వ్యానులోనో బడికి పంపు తల్లిదండ్రులకై వ్రాసినది. నెలకొక మారు, ఆదివారము ప్రొద్దున ఇరువది ముప్పది నిమిషములు చాలును. కావలసిన పనిముట్లు గాలి కొలుచు గేజి యొకటి, పిల్లవాని జామెట్రీ బాక్సులోని స్కేలు, అగ్గిపుల్ల, సుద్దముక్క, టార్చిలైటు. గేజి తప్ప తక్కినవన్నియు ఇంటిలో నున్నవే.

టైరనగా లావుపాటి రబ్బరు గొట్టమని తలచుట పరిపాటి. రబ్బరు దాని చర్మము మాత్రమే. పచ్చి రబ్బరు ఎండకు జిగటయై, చలికి పెళుసగును. దానిని గంధకముతో కాచినచో స్థిరపడునని 1839లో అమెరికావాడగు చార్లెస్ గుడియర్ కనుగొనెను. గాలి నింపిన టైరునకు స్కాట్లండువాడగు రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే పేటెంటు పొందెను గాని, దాని నెవరును ఆదరింపలేదు. 1888లో బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండికొరకు దానిని మరల కల్పించిన పిమ్మటనే అది లోకమున వ్యాపించినది. నేటి కారు టైరులో రబ్బరు క్రింద పాలియెస్టరు దారముల పొర, దానిపైన ఉక్కుతీగల పట్టీలు నుండును. బరువును మోయునది లోపలి గాలి. ఆ గాలిని పట్టి యుంచునవి దారములు, తీగలు. రోడ్డును పట్టుకొనునది పై రబ్బరు. ఈ మూడింటిలో దేనికి హాని కలిగినదో తెలిసికొనుటయే మన పరీక్ష. ఈ విద్య మన చెన్నపురికి దూరపుది కాదు. 1946లో తిరువొత్తియూరులో ఆటబుడగలు చేయు చిన్న కొట్టముగా ఆరంభమైన మద్రాసు రబ్బరు ఫ్యాక్టరీయే నేడు దేశమంతట టైరుల నమ్ముచున్న సంస్థ.

మొదట గాలి. దీనిని చల్లని టైరులోనే కొలవవలెను. కారు కనీసము మూడు గంటలు నిలిచి యుండవలెను. లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడిచి యుండరాదు. ఎంత గాలి యుండవలెనో డ్రైవరు తలుపు తెరచినపుడు కానవచ్చు చీటీమీదనో, పెట్రోలు మూత లోపలనో అచ్చువేసి యుండును. పూర్తి బరువుతో పోవునపుడు వెనుక చక్రములకు వేరు అంకె యుండుట కలదు. పండుగకు ఊరికి పోవువారు ఆ రెండవ అంకెను చూడవలెను. టైరు ప్రక్కన వ్రాసియున్న పీడనపు అంకె ఆ టైరు భరింపగల గరిష్ఠము. అది మీ కారునకు తగిన అంకె కాదు. పెట్రోలు బంకులో కుర్రవాడు “ఎంత సార్?” అని యడిగినపుడు “నువ్వే చూసి పెట్టు” అనుట మనలో చాలమందికి అలవాటు. అతడు అన్ని కార్లకును ఒకే అంకె పెట్టును. అతని తప్పు లేదు.

ఇచ్చట ఒక అపోహను గూర్చి కొంచెము విస్తరించి వ్రాయక తప్పదు. అగ్నినక్షత్రపు ఎండలలో గాలి వ్యాకోచించి టైరు పగులును గావున వేసవిలో గాలి తగ్గించి పెట్టవలెనని పలువురు నమ్ముదురు. అనుభవజ్ఞులైన డ్రైవర్లు కూడ ఈ మాట చెప్పుట విన్నాను. ఇది తప్పు మాత్రమే కాదు, అపాయకరము కూడను. లెక్క చూడుడు. ఉదయము 27 డిగ్రీల వేడిమిలో టైరులో 32 పౌండ్ల గాలి యున్నది. రెండు గంటలు పరుగెత్తి, లోపలి గాలి 57 డిగ్రీల కెక్కినది. ఉన్నత పాఠశాల విద్యార్థి యెరిగిన వాయుసూత్రము ప్రకారము నిరపేక్ష పీడనము పదియవ వంతు పెరుగును. గేజిలో 36 దాటి 37కు చేరువగా కనబడును. టైరును కల్పించినవారు ఈ పెరుగుదలను ముందే లెక్కలోనికి తీసికొని యున్నారు. దానిని చూచి భయపడి, వేడి టైరునుండి గాలి వదలి 32కు దింపినచో, మరునాటి ఉదయము చల్లారిన పిదప అందులో మిగులునది ఇంచుమించు 28 పౌండ్లు మాత్రమే.

గాలి తక్కువైన టైరునకు వేడి ఎట్లు కలుగును? ఇనుప తీగ నొకదానిని ఒకేచోట పదిమార్లు వంచి, ఆ వంపును వ్రేలితో తాకి చూడుడు, చురుక్కుమనును. ఇంకను వంచినచో తెగిపోవును. టైరు ప్రక్కగోడకు జరుగునదియు ఇదియే. 185/65 ఆర్15 కొలత గల సామాన్యమైన టైరు ఒక కిలోమీటరులో సుమారు 510 మార్లు తిరుగును. 80 కిలోమీటర్ల వేగములో నది సెకండునకు పదకొండు చుట్లు. గోడలోని ప్రతి భాగమును సెకండునకు పదకొండు మార్లు భూమివైపు వచ్చినపుడెల్ల వంగి, లేచును. గాలి సరిగా నున్నచో వంపు కొద్దిది. తగ్గినచో వంపు పెరుగును, వేడి పెరుగును, రబ్బరునకును దారములకును గల అంటు వీడును. వేసవి మధ్యాహ్నము రహదారిపై పగిలిన టైరులలో చాలవానికి మూలము గాలి ఎక్కువగుట కాక తక్కువగుటయే. టైరు పగిలినది మధ్యాహ్నమైనను, దానికి బీజము పడినది వారముల క్రిందట.

మంచి టైరుకూడ నెలకు ఒకటి రెండు పౌండ్ల గాలిని తనంతట తాను కోల్పోవును. అన్ని చక్రములు ఆ మాత్రమే తగ్గి, ఒకటి మాత్రము నాలుగైదు పౌండ్లు తగ్గినచో అందులో మేకో, వాల్వు లోపమో యున్నదని యెరుగవలెను. వాల్వుపై ఒక చుక్క సబ్బునీరు వేసినచో బుడగ లేచును. వాల్వు మూత అలంకారము కాదు. దుమ్ము, తేమ లోనికి పోకుండ కాపాడునది. నైట్రోజన్ వాయువును నింపినచో చూడనక్కరలేదని చెప్పువారున్నారు. మనము పీల్చు గాలిలోనే నూటికి 78 పాళ్ళు నైట్రోజనున్నది. నింపించుకొన్నందున నష్టము లేదు గాని, నెలనెల పరీక్షకు అది బదులు కాదు. ఆ డబ్బుతో మంచి గేజి కొనుట మేలని నా అభిప్రాయము.

తరువాత పై రబ్బరు. ముందు కంటితో చూచి, పిదపనే చేయి పెట్టవలెను; అరిగి ఉక్కుతీగ బయటపడిన టైరు వ్రేళ్ళను కోయును. టైరు చుట్టును పోవు గాడులలో అక్కడక్కడ అడ్డముగా చిన్న రబ్బరు దిమ్మెలు కనబడును. అవి ఎచ్చటనున్నవో చూపుటకు టైరు భుజముమీద చిన్న త్రికోణపు గురుతో, టీ.డబ్ల్యూ.ఐ. అను అక్షరములో యుండును. పై రబ్బరు అరిగి అరిగి ఆ దిమ్మెతో సమమైనదనగా గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినదని యర్థము. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 94వ నియమము కారునకు విధించిన కనీసపు లోతు ఇదియే; రెండు చక్రముల, మూడు చక్రముల బండ్లకు 0.8 మిల్లీమీటరు. లోపలి దారములు కనబడు టైరును, ఉబ్బిన టైరును కూడ ఆ నియమము నిషేధించుచున్నది. క్రొత్త కారు టైరులో లోతు సాధారణముగా ఏడెనిమిది మిల్లీమీటర్లుండును.

లోతు కొలుచుటకు స్కేలును నేరుగా గాడిలో పెట్టిన లాభము లేదు. స్కేలు అంచునుండి సున్న గీతవరకు కొంత ఖాళీ యుండును. అగ్గిపుల్లను గాడిలో నిలువుగా దింపి, రబ్బరు పైమట్టమున గోరుతో నొక్కి గురుతుచేసి, తీసి స్కేలుపై కొలువవలెను. దిమ్మె మీద కొలువరాదు. టైరు వెడల్పున లోపలి అంచు, నడుమ, వెలుపలి అంచు అని మూడు చోట్ల కొలిచి, సుద్దతో గురుతు పెట్టి, కారును కొంచెము జరిపి మరల మరియొక చోట కొలువవలెను. ఉన్నత తరగతుల పిల్లలున్న ఇండ్లలో ఇంకను మంచి ఉపాయము కలదు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వాడు వెర్నియర్ కాలిపర్సు వెనుక చివర సన్నని కాడ యొకటి వెలికి వచ్చును. అది లోతు కొలుచుటకే యున్నది; మిల్లీమీటరులో పదియవ వంతు చూపును. గాజు గొట్టపు లోతునకు బదులు నాన్నగారి కారు టైరు లోతు కొలిచిన పిల్లవానికి ఆ పాఠము మరపునకు రాదు.

చట్టము 1.6 అనుమతించినంతమాత్రమున అంతవరకు ఆగుట మంచిదా? ఎండరోడ్డుమీద పెద్ద బాధ లేదు. వానలో కథ వేరు. గాడులున్నది అందమునకు గాదు. టైరునకును రోడ్డునకును నడుమ చిక్కిన నీరు బయటికి పోవుటకు. గాడి లోతు తగ్గిన కొలది ఆ నీరు పోవు దారి యిరుకగును. వేగము హెచ్చినచో నీరు పోలేక టైరును పైకెత్తును. అప్పుడు ఆ నాలుగు అరచేతులు రోడ్డును విడిచి నీటిపై తేలుచుండును. స్టీరింగు చేతిలో ఒక్కసారిగా తేలికైనట్లు తోచును. త్రిప్పినను కారు వినదు. ఆ క్షణమున బ్రేకు గట్టిగా తొక్కరాదు. యాక్సిలరేటరునుండి కాలు తీసి, స్టీరింగును నిలుకడగా పట్టుకొని వేగము తగ్గనీయవలెను. మన చెన్నపురిలో వానలలో ఎక్కువ భాగము అక్టోబరునుండి డిసెంబరులోపుననే కురియును. కావున సెప్టెంబరులో కొలిచినపుడు 3 మిల్లీమీటర్లకు తక్కువైన టైరును ఆ వానలకు ముందుగనే మార్చుట మంచిది. బొంబాయి, బరంపురము ప్రాంతములలోని మనవారికి ఈ పరీక్ష మే నెలలోనే పడును.

లోతు ఎంత యనుటకంటె ఎచ్చట తక్కువ యనుట ఎక్కువ సంగతులు చెప్పును. రెండు భుజములు అరిగి నడుమ మిగిలినచో చాలకాలముగా గాలి తక్కువతో నడిచినదని యర్థము. నడుమ అరిగి భుజములు మిగిలినచో గాలి ఎక్కువైనది. ఒక్క ప్రక్కనే అరిగినచో చక్రము నిలిచిన వాలు, లేదా పోవు దిశ తప్పినది. దానిని వీల్ అలైన్‌మెంటు చేయించి సరిదిద్దవలెను. ఇందు మోసగించునది లోపలి భుజము. వెలుపలి భుజము నల్లగా, నిండుగా కనబడుచుండగా లోపలిది తీగలవరకు అరిగియుండుట కలదు. నిలబడి చూచినవారి కది కనబడదు. స్టీరింగును ఒక ప్రక్కకు పూర్తిగా త్రిప్పి, టార్చి వేసి ముందు చక్రముల లోపలి అంచులు చూడవలెను. వెనుకవానికి వంగి చూచుటయే గతి.

అరచేతిని టైరుపై అడ్డముగా, లోపలినుండి బయటికొకమారు, బయటనుండి లోపలికొకమారు రాయుడు. ఒకవైపు నునుపుగాను, ఎదురువైపు రంపపు పండ్లవలె గరుకుగాను తగిలినచో చక్రము తిన్నగా దొర్లక ఓరగా ఈడ్వబడుచున్నది. ఇదియు అలైన్‌మెంటు దోషమే. కంటికి కనబడక ముందే చేతికి తెలియును. చుట్టును అక్కడక్కడ గిన్నెలవలె గుంటలు పడినచో షాక్ అబ్జార్బరులు బలహీనమై చక్రము ఎగిరి ఎగిరి పడుచున్నదని అనుమానింపవలెను. అప్పుడు టైరు మార్చినంతమాత్రమున ప్రయోజనము లేదు, క్రొత్తదియు అట్లే అగును. ఒకే ఒక్క చోట చదునుగా అరిగిన గురుతు గట్టిగా వేసిన బ్రేకుది. అలైన్‌మెంటు చేయించినపుడు పనికి ముందరి అంకెలు, వెనుకటి అంకెలు రెండును ఉన్న కాగితము అడిగి తీసికొనుడు. నేటి యంత్రములు దానిని అచ్చువేసి యిచ్చును.

ముందు చక్రములచే నడుచు కార్లలో ముందు టైరులు త్వరగా అరుగును. కావున పదివేల కిలోమీటర్లకు ఒకమారు ముందువి వెనుకకు, వెనుకవి ముందునకు మార్చుట వాడుక. టైరు ప్రక్కన బాణపు గురుతున్నచో అది తిరుగవలసిన దిశ. అట్టిదానిని ఒకే ప్రక్కన ముందు వెనుకలు మార్చవలెనే కాని ఎడమది కుడికి వేయరాదు. రెండు క్రొత్త టైరులే కొనువారు వానిని ముందు వేయించుకొందురు. వెనుక వేయుటయే క్షేమము. వానలో ముందు చక్రములు జారినచో వేగము తగ్గించి సవరించుకొనవచ్చును. వెనుకవి జారినచో కారు గిఱ్ఱున తిరుగును, దానిని నిలుపుట సామాన్యుని తరము కాదు.

ఇక ప్రక్కగోడ. మెరుపునూనె పూసిన టైరులో చీలికలు కానరావు. తడిగుడ్డతో తుడిచి చూడవలెను. కోడిగ్రుడ్డు సగమువలె ఉబ్బు కనబడినచో వేరు విచారణ అక్కరలేదు. గుంటలో పడినపుడో, రోడ్డు అంచు రాయిని గుద్దినపుడో లోపలి దారములు తెగినవి. పలుచని రబ్బరు మాత్రమే గాలిని ఆపుచున్నది. దానికి మరమ్మతు లేదు. గాడులెంత లోతుగ నున్నను, టైరు క్రొత్తదైనను తీసివేయవలసినదే. దీనికి విరుద్ధముగా, గోడలో నిలువుగా సన్నని నొక్కు ఒకటి కనబడి భయపెట్టుట కలదు. అది దారముల పొర కొసలు ఒకదానిపై నొకటి అతికిన చోటు. సాధారణముగా హాని లేనిది. ఉబ్బు చెడ్డది, నొక్కు కాదు అని గురుతుంచుకొన్న చాలును. సందేహమున్నచో టైరు దుకాణములో చూపించుట ఉత్తమము. కోత పడినచోట లోపల దారము కనబడిన యెడల ఆ టైరుతో దూరము పోరాదు.

మేకు గ్రుచ్చుకొని యున్నచో ఇంటివద్ద పెరుకరాదు. అదియే గాలిని కొంత ఆపుచుండును. చుట్టును సుద్దతో సున్న చుట్టి, గాలి చూచి, మెల్లగా దుకాణమునకు తీసికొనిపోవలెను. నడుమభాగములో ఆరు మిల్లీమీటర్లకు మించని రంధ్రమును మరమ్మతు చేయవచ్చును. టైరును రిమ్మునుండి విప్పి, లోపలినుండి బిరడాయు, అతుకును కలిపి వేయుట సరియైన పద్ధతి. బయటనుండి జిగురుతాడు దూర్చుట దారిలో ఇల్లు చేరుటకు పనికివచ్చును. భుజముమీదను, ప్రక్కగోడలోను పడిన రంధ్రమునకు ఎవరు అతుకు వేయుదుమన్నను ఒప్పుకొనరాదు. గాలి లేకుండ కొంతదూరము నడిచిన టైరును విప్పి లోపల చూడనిదే మరల వాడరాదు. నలిగిన గోడనుండి రాలిన రబ్బరు పొడి లోపల నుండును.

నగరములలో నేడు మరియొక విధమైన ప్రమాదము పెరిగినది. ఉద్యోగమునకు మెట్రో రైలులో పోయి, కారును ఆదివారము మాత్రమే బయటికి తీయు కుటుంబము లెన్నియో యున్నవి. ఆ కారు టైరుల గాడులు క్రొత్తవానివలె నుండును. కాని రబ్బరునకు నడకయే కాక వయస్సు కూడ కలదు. ఎండయు, గాలిలోని ఓజోను వాయువును దానిని పెళుసుగా జేయును. గాడుల అడుగునను, గోడమీదను వెండ్రుకలవంటి చీలికలు పుట్టును. టైరు పుట్టిన తేదీ దానిమీదనే యున్నది. ప్రక్కగోడపై డీ.ఓ.టీ. అను అక్షరముల వరుస కొసను నాలుగంకెలు వెదకుడు. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. ఒక ప్రక్కనే ఈ అంకెలుండుట కలదు గనుక, కనబడనిచో లోపలి ప్రక్క చూడవలెను. అయిదేండ్లు నిండిన టైరును ఏటేట నిపుణునకు చూపవలెననియు, పదేండ్లు దాటినదానిని ఎట్లున్నను మార్చవలెననియు టైరు సంస్థలు సలహా యిచ్చుచున్నవి. ఆరేండ్లకే మార్చుడని చెప్పు కారు సంస్థలు కలవు. ఏడాది పొడుగున ఎండలో నిలుచు మన కార్లకు ఆరేండ్ల మాటయే తగినదని తోచుచున్నది. క్రొత్తది కొనునపుడు కూడ ఈ నాలుగంకెలు చూచి, అప్పుడే డబ్బు చెల్లింపవలెను.

తక్కువ వెలకు వాడిన టైరులు దొరకు అంగళ్ళు ప్రతి నగరమునను ఉన్నవి. టైరు వెల సామాన్య గృహస్థునకు భారమే. ఆ అంగడికి పోవువారిని నిందింపలేము. కాని అరిగిపోయిన టైరులో వేడికత్తితో క్రొత్త గాడులు కోసి అమ్ముట కలదని తెలిసియుండవలెను. అట్టిదానిలో అడుగు రబ్బరు పలుచనై తీగలకు అంటియుండును. గాడులు లోతుగా నుండి, అడ్డపు దిమ్మెలు మాత్రము కానరానిచో, లేక దిమ్మె పైభాగము రబ్బరుతో సమముగా నుండి గాడి దానిని దాటి లోతుగా నున్నచో అది కోసిన గాడి.

డిక్కీలోని స్టెప్నీని ఎవరును తలచరు. ఈ మాటయే చిత్రమైనది. వేల్సు దేశమునందలి లనెల్లి పట్టణమున స్టెప్నీ వీధిలో 1904లో డేవిస్ సోదరులు అదనపు చక్రమును కల్పించి ఆ వీధి పేరే పెట్టిరి. మన దేశములో నేటికిని మెకానిక్కుల నోట ఆ వీధి పేరు నిలిచియున్నది. స్టెప్నీ గాలి కూడ నెలనెల చూడవలెను. అది తక్కిన చక్రములకంటె చిన్నదైనచో ఎంత వేగమునకు మించరాదో దానిపై వ్రాసియుండును. కొన్ని క్రొత్త కార్లలో స్టెప్నీ యుండదు. గాలిపీడనము చూపు సాధనము, పంక్చరు మరమ్మతు పెట్టె మాత్రమే యుండును. ఆ పెట్టెలోని జిగురు మందునకు గడువు తేదీ యుండును.

మన పిల్లలలో చాలమంది స్వంత కార్లలో రారు. వ్యానులలోను, ఆటోలలోను వత్తురు. సాయంకాలము బడి వదలువేళ గేటువద్ద ఆ బండ్లు వరుసగా నిలిచియుండును. తల్లిదండ్రులు పది నిమిషములు ఊరక నిలిచి యుందురు. ఆ పది నిమిషములలో నాలుగు చక్రములను చూచుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. దిమ్మెలతో సమమైన రబ్బరు, గోడమీది ఉబ్బు, లోపలి భుజముమీది తీగ — ఈ మూడును గేటువద్దనే వంగి చూచి గుర్తింపవచ్చును. డ్రైవరును మందలించినట్లు మాటలాడనక్కరలేదు. “అన్నా, ఈ టైరు ఒక పక్కే అరిగిందేమి? అలైన్‌మెంటు చూపించారా?” అని యడిగినచో నూటికి తొంబదిమంది సంతోషముతోనే సమాధానము చెప్పుదురు; టైరు మార్చుట పలుమార్లు వారి చేతిలో లేదు, యజమాని చేతిలో నున్నది. అట్టి యెడల తల్లిదండ్రులు నలుగురు కలిసి యజమానితో మాటలాడవలెను. ఆ నెల జీతములో కొంత ముందుగా ఇచ్చియైనను టైరులు మార్పించుట నాకు న్యాయముగా తోచును. బండి ఇరువదిమంది పిల్లలది. నాలుగు టైరుల వెలను ఆ ఇరువదిమందికి పంచి చూచినచో ఎంత పడునో ఎవరికి వారే లెక్క కట్టుకొనవచ్చును.

కొలిచిన అంకెలను వ్రాసి పెట్టుకొనుటకు పిల్లవాని పాత నోటుబుక్కు చాలును. తేదీ, కారు నడిచిన కిలోమీటర్లు, నాలుగు చక్రముల గాలి, ఒక్కొక్క చక్రమునకు మూడు లోతులు వ్రాయవలెను. ఒక చక్రమున లోతు 20,000 కిలోమీటర్లవద్ద 5.6 మిల్లీమీటర్లును, 26,000 వద్ద 4.7 ను ఉన్నదనుకొనుడు. ఆరువేలకు 0.9 అరిగినది, ఇదే తీరున 3 మిల్లీమీటర్లకు దిగుటకు ఇంకను పదకొండువేల కిలోమీటర్లకు పైగా పట్టును. గ్రాఫు కాగితముపై రెండు చుక్కలు పెట్టి గీత గీసినచో పిల్లవాడే ఆ నెలను చూపగలడు, టైరులకై డబ్బు దాచుట ఎప్పటినుండి మొదలు పెట్టవలెనో ఇంటివారికి అప్పుడే తెలియును.